మార్కుల జాబితాలో కనిపించని చదువు

పట్టా చేతికొస్తే చదువు పూర్తయినట్టేనా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో చదువుకునే కుర్రకారుకు కాలేజీ గేటు బయటా బోలెడు పాఠాలున్నాయి.

కోరుట్లలో పశువైద్య కళాశాల 2008లో మొదలైంది. వేరే ప్రాంతం నుంచి వచ్చి 'గేదె' అనడం అలవాటైన విద్యార్థికి ఇక్కడి రైతు నోట 'బర్రె' వినిపిస్తుంది. 'బర్రె మేత మేస్తలేదు సారూ' అనే మాట వెనక పాలు తగ్గితే ఇల్లెలా గడుస్తుందన్న దిగులుంటుంది. మందు పేరు పుస్తకం చెబుతుంది. ఆ దిగులు వినే ఓపిక ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే.

జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడివాళ్లు చివరి ఏడాది పల్లెల్లో రైతుల మధ్య గడపడం కోర్సులో భాగమే. కానీ, ఏళ్లతరబడి వరి పండించిన పెద్దాయన 'నువ్వు చెప్పింది మా చెల్కల నడ్వదు బిడ్డా' అంటే నొచ్చుకోకుండా 'ఎందుకు?' అని అడగడం ఏ సిలబస్‌లోనూ లేదు.

సిరిసిల్ల మరమగ్గాల ఊరు. నేసిన మీటర్లను బట్టే కూలి. సర్వే కాగితాలతో వెళ్లి కార్మికుణ్ని కదిలిస్తే ఆ కాసేపూ మగ్గం ఆగుతుంది, కూలీ తగ్గుతుంది. ఎదుటివారి సమయానికి విలువివ్వడం ఆ గడపలోనే తెలిసొస్తుంది.

1969లో ఆరంభమైన ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ చేయాలి. గంటల లెక్క ధ్రువపత్రానికి పనికొస్తుంది. నేర్చుకున్న మాటతీరు మాత్రం జీవితాంతం తోడుంటుంది!