విటమిన్ ఇ: కొవ్వుల కాపరి

మూత సరిగా పెట్టక నెలల తరబడి నిలువయుంచిన నూనెకు పట్టు కంపునకును, మన కణముల పొరలకు అనుక్షణము పొంచియుండు ఆపదకును మూలమొక్కటే. కొవ్వు అణువులలో రెండు ద్విబంధముల నడుమ నుండు ఉదజని పరమాణువు మిక్కిలి సులువుగ నూడిపోవును. ఊడినచోట ఆమ్లజని చేరగా, ఒంటరి ఎలక్ట్రాను గల పెరాక్సిల్ రాడికల్ పుట్టును. అది పొరుగు కొవ్వునుండి ఉదజనిని లాగికొని తాను శాంతించి, ఆ పొరుగుదానిని రాడికలుగా మార్చి విడుచును. అడ్డుపడువారు లేనియెడల ఈ గొలుసు పెరుగుచునే యుండును.

అడ్డుపడునది విటమిన్ ఇ. 1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ ఈవాన్స్, క్యాథరిన్ బిషప్ అను పరిశోధకులు, శుద్ధిచేసిన ఆహారముతో పెంచిన ఎలుకల పిండములు గర్భముననే కరిగిపోవుటయు, లెట్యూసు ఆకులు మేపగా నిలుచుటయు గమనించిరి. ఆ ఆకులలోని రక్షక పదార్థమే ఈ విటమిన్. 1936లో ఈవాన్స్ బృందమే గోధుమ బీజాంకుర తైలమునుండి దాని రూపమైన ఆల్ఫా టోకోఫెరాల్‌ను వేఱుపఱచెను.

ఈ అణువు తన పొడవైన తోకను కొవ్వుపొరలోనికి దింపి, తలను పొర అంచుననుంచును. రాడికల్ ఎదురైనంతనే, కొవ్వు దోపిడికి గురికాకమునుపే, తలయందలి హైడ్రాక్సిల్ తన ఉదజనిని దానికి ఒప్పగించును. అట్లిచ్చిన టోకోఫెరాల్ తానును రాడికలే యగునుగాని, దాని ఒంటరి ఎలక్ట్రాను తలయందలి వలయమంతట వ్యాపించుటచే తీక్షణత యణగి, పొరుగు కొవ్వు జోలికి పోజాలదు. నా దృష్టిలో దీని ఘనతయంతయు ఈ చేతకానితనముననే యున్నది! పిదప పొర వెలుపలి నీటనున్న విటమిన్ సి దానికి ఉదజనినిచ్చి పూర్వరూపమునకు తెచ్చును. కావుననే సుమారు వేయి కొవ్వు అణువులకు ఒక్కటియున్నను పని జరుగుచున్నది.

ఇంత చేయునది గదాయని మాత్రలు మ్రింగినచో మేలు హెచ్చునా? ఫిన్లండులో 29,133 మంది ధూమపాయులపై జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో, రోజుకు 50 మిల్లీగ్రాముల మోతాదు ఊపిరితిత్తుల క్యాన్సరును తగ్గింపలేదు; 2011లో వెలువడిన అమెరికా పరీక్షలో రోజుకు 400 యూనిట్లు పుచ్చుకొన్న పురుషులలో ప్రోస్టేట్ క్యాన్సరు 17 శాతము హెచ్చుగ కనబడెను. పైగా మ్రింగినదంతయు ఒంట నిలువదు. ప్రకృతిలో ఈ విటమిన్‌కు ఎనిమిది రూపములు గలవు. తవుడు నూనెలోని టోకోట్రైయినాల్‌లును అందులోనివే. కాలేయము ఒక ప్రత్యేక ప్రోటీను సాయమున ఆల్ఫా రూపమునే యేరుకొని రక్తమున కందించి, మిగిలినవాటిలోను, అవసరమునకు మించిన ఆల్ఫాలోను కొంతభాగమును తోక కురుచచేసి మూత్రము వెంట పంపివేయును.