ఒకే పొర, రెండు ద్రవాలు

మూడు రకాల లిపిడ్లు కలిపి, నీళ్ళలో వాటితో ఒక బుడగ కట్టిస్తారు. పొరలో రవ్వంత ఫ్లోరోసెంట్ రంగు చేర్చి మైక్రోస్కోప్ కింద పెడతారు. వేడిగా ఉన్నంతసేపూ బుడగంతా ఒకే తీరుగా వెలుగుతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే ఒక దశలో పొర మీద నల్లటి చుక్కలు పుట్టుకొస్తాయి. రంగు వాటిలోకి దాదాపు చొరబడదు, అందుకే ఆ నలుపు. చుక్కలు అటూ ఇటూ కదులుతుంటాయి. రెండు చుక్కలు తాకాయంటే ఒకటైపోతాయి. కలిసినప్పుడు కోలగా ఉన్నది కాస్తా చూస్తుండగానే గుండ్రబడుతుంది. మళ్ళీ వేడిచేస్తే అన్నీ మాయం.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సారా వీచ్, సారా కెల్లర్ 2002, 2003ల్లో ఇలాంటి బుడగల మీద ప్రచురించిన పరిశోధనలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆ గుండ్రదనమే. చుక్క గడ్డకట్టిన ముక్క అయితే దాని అంచు వంకరటింకరగా అలాగే నిలిచిపోయేది. గుండ్రబడిందంటే అదీ ద్రవమే. చుట్టూ ఉన్నదీ ద్రవమే. ఒకే పొరలో, ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాలున్నాయన్నమాట.

మన కణాలన్నిటినీ చుట్టి ఉన్న కణత్వచం ఇలాంటి పొరే. అది రెండు వరసల లిపిడ్ అణువులతో ఏర్పడిందని 1925లోనే గోర్టర్, గ్రెండెల్ ఎర్రరక్తకణాల నుంచి లిపిడ్లు తీసి, వాటి వైశాల్యం కొలిచి తేల్చారు. మందం సుమారు 5 నానోమీటర్లు. అది గట్టి గోడ కాదనీ, ప్రోటీన్లు తేలియాడే ద్రవమనీ సింగర్, నికల్సన్ 1972లో చెప్పారు. ఆ చిత్రంలో లిపిడ్ల వంతు కేవలం ప్రోటీన్లను మోయడమే అన్నట్టు చాలాకాలం చదువుకున్నాం.

కానీ లిపిడ్లన్నీ ఒక్కలాంటివి కావు. చలికాలం వంటింట్లో నెయ్యి పేరుకుంటుంది, పక్కనే వేరుశనగ నూనె జారుగానే ఉంటుంది. నెయ్యిలో నిటారు తోకల, అంటే నిటారు కార్బన్ గొలుసుల, సంతృప్త కొవ్వులు ఎక్కువ, అవి దగ్గరగా సర్దుకుంటాయి. నూనెలో ద్విబంధం దగ్గర వంగిన తోకలు ఎక్కువ, అవి ఇమడవు. కణత్వచంలోనూ జరిగేది ఇదే. రెండు తోకలూ నిటారుగా ఉండే డీపీపీసీ అనే ఫాస్ఫోలిపిడ్ పొర 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వంగిన తోకల డీఓపీసీ సున్నాకు సుమారు 17 డిగ్రీల దిగువ దాకా ద్రవమే.

బుడగలో ఈ రెండే ఉంటే చల్లబడినప్పుడు నిటారువి గడ్డకట్టి విడిపోతాయి, అంతే. కథ మలుపు తిరిగేది కొలెస్టరాల్ వల్ల. రక్తపరీక్ష కాగితంలో చూసి భయపడే ఈ పదార్థం మన కణాల బయటి పొరలోని లిపిడ్ అణువుల్లో దాదాపు మూడో వంతు ఉంటుంది. దాని నాలుగు వలయాల దేహం బల్లపరుపుగా, వంగకుండా ఉంటుంది. పక్కనున్న నిటారు తోకలను అది ఇంకా నిటారుగా నిలబెడుతుంది. అదే సమయంలో, వాటి మధ్య దూరి, స్ఫటికంలా వరుసకట్టనివ్వదు. ఫలితంగా పుట్టేది తోకలు బారులు తీరి ఉన్నా అణువులు పక్కలకు జారుతూనే ఉండే స్థితి. 1987లో ఇప్సెన్ బృందం దీన్ని క్రమబద్ధ ద్రవమంది. దీని పక్కనే వంగిన తోకల క్రమరహిత ద్రవం. తోకలు సాగి ఉండటంతో మొదటిది కాస్త మందం. ఈ ఎత్తు తేడా వల్ల సరిహద్దు దగ్గర కొంత శక్తి ఖర్చవుతుంది. ఆ సరిహద్దు పొడవును తగ్గించుకోవడానికే చుక్కలు గుండ్రబడతాయి, ఒకటవుతాయి.

బుడగ సంగతి సరే, బతికున్న కణం మాటేమిటి? గొడవంతా ఇక్కడే. మూత్రపిండం లోపలి కణాల పైముఖంలో ఒక రకం లిపిడ్లు, పక్కముఖాల్లో మరో రకం ఎలా చేరుతున్నాయని కై సైమన్స్, గెరిట్ వాన్ మీర్ 1988లో ఆలోచించారు. 1997లో సైమన్స్, ఎలీనా ఇకోనెన్ కలిసి స్ఫింగోలిపిడ్లు, కొలెస్టరాల్ గుమిగూడి కణత్వచంలో తెప్పల్లా తేలుతాయని, కొన్ని ప్రోటీన్లు వాటినెక్కి ప్రయాణిస్తాయని ప్రతిపాదించారు. ఆధారంగా చాలామంది చూపింది డిటర్జెంట్ పరీక్ష. చల్లటి ట్రైటాన్ ద్రావణంలో కరగకుండా మిగిలినదే తెప్ప అన్నారు. అది బలహీనమైన ఆధారమని నా అభిప్రాయం. 4 డిగ్రీల చలిలో, పొరను చీల్చే రసాయనం మధ్య మిగిలింది 37 డిగ్రీల కణంలోనూ అలాగే ఉందని చెప్పలేం. కొలెస్టరాల్ తీసేస్తే పని ఆగింది కనుక తెప్పలున్నట్టే అన్న వాదనకూ ఇలాంటి లోటే ఉంది. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ చట్టోపాధ్యాయ బృందం కొలెస్టరాల్ తగ్గిస్తే మెదడులోని ఒక సెరొటోనిన్ గ్రాహకం పట్టు సడలుతుందని, కాలా అజార్ పరాన్నజీవి కణంలోకి దూరడం తగ్గుతుందని చూపింది. అవి గట్టి ఫలితాలు. అయితే కొలెస్టరాల్ ఒక ప్రోటీన్‌ను నేరుగా తాకి పనిచేయించడం వేరు, తెప్ప కట్టడం వేరు.

చూసి తేల్చుకుందామంటే మామూలు మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కన్నా చిన్న వివరాన్ని చూపలేదు. బెంగళూరులో రజత్ వర్మ, సత్యజిత్ మేయర్ 1998లో కాంతి ధ్రువణాన్ని కొలిచే ఉపాయంతో, కొన్ని ప్రోటీన్లు 70 నానోమీటర్ల లోపు గుంపులుగా ఉన్నాయని చెప్పారు. ఆ గుంపుల్ని కూర్చడంలో పొర కింది యాక్టిన్ పోగులకూ చేయుందని ఆ ప్రయోగశాల తరువాత తేల్చింది. 2009లో గోటింగెన్‌లో ఎగ్గెలింగ్, హెల్ బృందం ఆ 200 నానోమీటర్ల హద్దును దాటే ఎస్‌టీఈడీ మైక్రోస్కోప్‌తో చూస్తే, స్ఫింగోలిపిడ్లు 20 నానోమీటర్ల లోపు చోట్లలో పది, ఇరవై మిల్లీసెకన్లు మాత్రం చిక్కుకుని వదులవుతున్నాయి. అంటే స్థిరమైన తెప్పలు కావు, క్షణంలో కూడి విడిపోయే గుంపులు.

అనుమానాలను బాగా తగ్గించింది ఈస్ట్ కణం. చక్కెర అయిపోయే దశలో దాని లోపలి పెద్ద సంచి (రిక్తిక) పొర మీద మైక్రోమీటర్ల పరిమాణంలో మచ్చలు తేలతాయి. బుడగ మీద చూసినట్టే అవి ఒకటవుతాయి, వేడికి కరిగిపోతాయి, చల్లబడితే తిరిగొస్తాయి. పెద్దవి కావడంతో మామూలు మైక్రోస్కోప్‌కే కనిపిస్తాయి. వాటికి పనీ ఉంది. ఆకలిగొన్న కణం దాచుకున్న కొవ్వు బిందువులు క్రమబద్ధ ద్రవపు మచ్చల చోటే రిక్తికలోకి దిగి, అక్కడ జీర్ణమై శక్తినిస్తాయి. ఆ మచ్చలు విస్తరించడానికి కొలెస్టరాల్ లాంటి స్టెరాల్‌ను పొరకు చేరవేసే ఎన్‌పీసీ ప్రోటీన్లు కావాలి. అవి లేని ఈస్ట్‌లో కొవ్వు బిందువులు లోపలికి వెళ్ళడం బాగా తగ్గిపోతుంది. మనుషుల్లో ఇదే కుటుంబపు ప్రోటీన్ చెడిపోతే వచ్చేది నీమన్ పిక్ సీ అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి. అందులో కొలెస్టరాల్ లైసోసోముల్లో పేరుకుపోతుంది.