ఇప్పలడ్డు: పేరును, పుట్టుకయు

పిండివంటల చరిత్రను పరిశీలించువారు సాధారణముగ అరిసెలను, బూరెలను, మండిగలను కావ్యములందును శాసనములందును వెదకుదురు. అంతమాత్రమున కావ్యమునకెక్కని వంటకు చరిత్ర లేదనరాదు. అట్టి వంటకు పదమును, వాడుకయును సాక్ష్యములు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో నేడు ప్రసిద్ధి వహించిన ఇప్పలడ్డు ఈ కోవకు చెందినది. దీని పేరును, పుట్టుకను మేమిచట పరిశీలింతుము.

'ఇప్ప' దేశ్యపదము. దీనికి తమిళమున 'ఇరుప్పై', 'ఇలుప్పై' అనియు, కన్నడమున 'ఇప్పె' అనియు, గోండీ మాండలికములలో 'ఇరు', 'ఇరుప్' అనియు సోదరరూపములు కలవు. రేఫ నిలిచిన రూపములు ప్రాచీనములనియు, తెలుగు కన్నడములందు రేఫ లోపించినదనియు తలంపవచ్చును. హిందీ 'మహువా', మరాఠీ 'మోహ' అనునవి సంస్కృత 'మధూక' శబ్దమునుండి పుట్టినవి. అందలి 'మధు' శబ్దమునకు తేనె, మద్యము అను రెండర్థములును కలవు. ఈ పువ్వు చరిత్రయు ఆ రెండర్థముల నడుమనే నడచినది. 'లడ్డు' అనునది సంస్కృత 'లడ్డుక' శబ్దమునకు సంబంధించినది. కావున 'ఇప్పలడ్డు' మిశ్రసమాసము. ఇట్టి వంటకు 'ఉండ', 'ముద్ద' అను దేశ్యపదములు తెలుగున ఉండగా 'లడ్డు' చేరుట, వంట అడవిపల్లె దాటి అంగడికి వచ్చినదనుటకు గుర్తు.

ఇప్పచెట్టు ఆకురాల్చి మార్చి, ఏప్రిల్ మాసములలో పూయును. పూలు రాత్రివేళ విచ్చి తెల్లవారుసరికి నేల రాలును. గోండులు, కోలాములు చెట్టుక్రింద నేలను శుభ్రపరచి, వేకువనే పోయి వానిని ఏరి తెచ్చి ఎండబెట్టుదురు. తినదగినది పువ్వులోని కండగల ఆకర్షణపత్రావళియే. ఎండిన పువ్వు బరువులో సగమునకు పైగా చక్కెరలే ఉండును. తేమ తగులకుండ దాచిన పువ్వు, ధాన్యము కొరవడు వానకాలమునకు ఆదరువగును. గింజలనుండి నూనె తీయుదురు.

తీపికై ఈ పువ్వును వాడుట ఒక్క ప్రాంతపు ఆచారము కాదు. చెరకు గానుగ లేని ఊరికి ఇప్పపువ్వే చక్కెర యను అర్థముగల సామెత తమిళమున నేటికిని వాడుకలో ఉన్నది. సామెతలో కొంత ఎత్తిపొడుపు ఉన్నను, చెరకు లేనిచోట ప్రజలు దేనితో తీపి చేసికొనిరో అది తెలుపుచున్నది.

అట్లయిన ఈ ఆహారము లోకమున మరుగుపడుటకు కారణమేమి? పువ్వునుండి సారా కాచుటయు, ప్రభుత్వములు ఆ సారాను ఆదాయవనరుగ చూచుటయు ముఖ్యకారణములని మేము భావించుచున్నాము. 1892లో బొంబాయి ప్రభుత్వము ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపువ్వు సేకరణను, నిలువను నియంత్రించుచు ప్రత్యేక శాసనమే చేసెను. నైజాము రాజ్యమునందును ఇప్పసారా ఆబ్కారీ రాబడికి ఆధారమై యుండెను. చట్టము దృష్టిలో పువ్వు మద్యపు ముడిసరుకు. ఇంటివారికి అది తిండిగింజల సరసన దాచుకొను వస్తువు. మైదానప్రాంతపు తెలుగువారికి మొదటి అర్థమే మిగిలినది.

ఇటీవల ఉట్నూరులోని భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘమువారు రెండవ అర్థమును మరల వెలుగులోనికి తెచ్చిరి. ఎండినపువ్వును శుభ్రపరచి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లము మున్నగువానితో కలిపి ఉండలు కట్టుదురు. రక్తహీనతను ఎదుర్కొనుటకై ఆశ్రమపాఠశాలల విద్యార్థులకును ఈ లడ్డులు అందింపబడినవి. 2025 మార్చి 30 నాటి ఆకాశవాణి 'మన్ కీ బాత్' ప్రసంగమున ప్రధానమంత్రి, ఆదిలాబాదు సోదరీమణులు ఇప్పపువ్వుతో చేయు వంటకములను ప్రస్తావించిరి.

కావున ఇప్పలడ్డును కేవలము నూతనకల్పన యనుటయు, యథాతథమైన ప్రాచీనవంట యనుటయు రెండును పొసగవు. ముడిపదార్థమును, దానిని ఎండబెట్టి దాచు నేర్పును పాతవి. కూర్పును, పేరును, అంగడియును క్రొత్తవి. అయితే పేరు మారిన వెనుక పాతమాటలు నిలుచుట అరుదు. పువ్వును ఏరుట, ఎండబెట్టుట, ఉడికించుట, దంచుట అను పనులకు గోండీ, కోలామీ భాషలలో గల పదములు నేడు వృద్ధస్త్రీల నోట ఎక్కువగ నిలిచియున్నవి. పరిశోధకవిద్యార్థులు లడ్డు రుచి చూచుటతో తృప్తిపడక, ఆ పదములను విని, ఊరిపేరుతోను ఉచ్చారణతోను వ్రాసికొనవలెను. అవి పోయిన, పువ్వునకు సారా యను ఒక్క అర్థమే నిఘంటువులలో మిగులును.