ఆదివారము కరగిపోయిన ప్రయాణము

కూతురి పురుటికో, మనుమల సంరక్షణకో అమెరికాకు పోవు తల్లులు నేడు మన యిండ్లలో పెక్కుమంది కలరు. వారు మొదట నడుగు ప్రశ్న, "ఎంతసేపు కూర్చోవాలమ్మా?" యని. టిక్కెట్టుపైనున్న వేళలను మాత్రము చూచి దీనికి బదులు చెప్పరాదు.

హిందూపురము ప్రాంతమువారికి చేరువైన బెంగుళూరునే తీసికొందము. అచ్చటినుండి శాన్ ఫ్రాన్సిస్కోకు తిన్నని దారి సుమారు 14,000 కిలోమీటర్లు. గోడపటము చూచినచో ఆ దారి పసిఫిక్ మీదుగానో అట్లాంటిక్ మీదుగానో పోవునని తోచును. పిల్లల గ్లోబుపై ఆ రెండు నగరములకును దారము బిగించి చూడుడు: అది ఉత్తర ధ్రువమునకు చేరువగా పోవును. అవి భూగోళమునకు ఇంచుమించు ఎదురెదురు ప్రక్కల నుండుటయే కారణము.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానమొకటి శాన్ ఫ్రాన్సిస్కోనుండి ఆ ధ్రువమార్గముననే బెంగుళూరు చేరినది. నడపినవారు నలుగురును స్త్రీలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ధ్రువప్రాంతమున దిక్సూచి నమ్మదగినది కాదు. చలికి ఇంధనము గడ్డకట్టకుండ కనిపెట్టుచుండవలెను. పొయ్యిలోని మంటను చూచుకొనుటయే ఆడువారి పని యనువారింకను ఉన్నచో, ఈ ముచ్చట వారికి వినిపింపదగును.

ఆ విమానము 9వ తేదీ శనివారము రాత్రి 8.30 గంటలకు బయలుదేరి, 11వ తేదీ సోమవారము తెల్లవారుజామున 3 గంటలు దాటిన పిమ్మట దిగినది. గడియారములను బట్టి 30 గంటలకు పైమాట. నిజముగా ప్రయాణించినది 17 గంటలే. తక్కిన 13½ గంటలు రెండు దేశముల కాలభేదము. ఆదివారమున ఏకభుక్తముండు అమ్మలు ఏ పూట లెక్కింతురో!

ఎదురుదారిలో వింత తారుమారగును. చలికాలమున బెంగుళూరులో మధ్యాహ్నము 2.30కు ఎక్కి 16 గంటలు ఎగిరినవారు అదేనాటి సాయంకాలము 5 గంటలకే అచ్చట దిగుదురు. వేసవిలో అమెరికావారు గడియారమును గంట ముందుకు జరుపుదురు గనుక భేదము 12½ గంటలగును.

దూరము పెరిగిన కాలమును పెరుగుననుటయు నిక్కము కాదు. 2016లో ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోవు విమానమును అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడపిరి. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయ్యెను. ప్రయాణకాలము మాత్రము తగ్గి 14½ గంటలకు వచ్చెను. ఆ యెత్తున పడమటనుండి తూర్పునకు వీచు బలమైన గాలి వెనుకనుండి త్రోయుటయే దీని రహస్యము.

మధుమేహమునకు మందు పుచ్చుకొను తల్లులకు ఈ లెక్క వేడుక కాదు. గోడగడియారమును నమ్మినచో ఒక మోతాదు తప్పవచ్చును, లేదా రెండు దగ్గర పడవచ్చును. గడచు గంటలను బట్టి ఏ మందు ఎప్పుడో వైద్యుని ముందే అడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. మందులను చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. అన్ని గంటలు కదలక కూర్చున్నచో కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదు గనుక నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయుడు. లేవవలసివచ్చునని నీరు మానకుడు.

ఎదురు రాబోవు అల్లునకు మాత్రము దిగు తేదీని ఆ దేశపు లెక్కనే తెలుపుడు.