పోలిక నిజమా, యాదృచ్ఛికమా? బ్లాస్ట్ చెప్పే లెక్క

ఎమ్మెస్సీ చదువుతున్న ఒక పాఠకురాలు అడిగారు: "మా ప్రాజెక్టులో బాక్టీరియా జన్యువును బ్లాస్ట్‌లో వెతికాం. ఫలితాల పట్టికలో ఈ-వేల్యూ ఎంత తక్కువుంటే అంత మంచిదని మా సార్ చెప్పారు. ఎందుకు మంచిదో చెప్పలేదు. అసలు ఆ అంకె ఏమిటి?"

నాలుగు ముక్కల్లో జవాబు రాసి పంపేయొచ్చు. మనసొప్పలేదు. జీవశాస్త్ర పరిశోధకులు రోజూ వాడే కంప్యూటర్ సాధనాల్లో అన్నిటికంటే అందమైన ఆలోచన ఏదంటే నేను చూపించేది ఆ అంకెనే.

ముందు నేపథ్యం, క్లుప్తంగా. ప్రొటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాల వరస. ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరాన్ని గుర్తుగా పెట్టింది మార్గరెట్ డేహాఫ్. ఆమె బృందం 1965లో 65 ప్రొటీన్ల వరసలను పుస్తకంగా అచ్చువేసింది. ఇవాళ డేటాబేసుల్లో ఉన్నవి కోట్లు. కొత్త ప్రొటీన్ ఒకటి చేతికి రాగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, దీని చుట్టాలెవరు అని. చుట్టం దొరికితే అది చేసే పనీ చాలావరకు తెలుస్తుంది. 1983లో రస్సెల్ డూలిటిల్, ఆయన సహచరులు కోతుల్లో క్యాన్సర్ కలిగించే ఒక వైరస్ జన్యువును ఇలాగే పోల్చి చూశారు. అది గాయమైన చోట ప్లేట్‌లెట్లు విడుదల చేసే వృద్ధికారకంతో సరిపోయింది. శరీరం సొంతంగా వాడుకునే పెరుగుదల సంకేతమే అదుపు తప్పితే క్యాన్సర్ కావచ్చన్న ఊహకు బలమైన ఆధారం అలా దొరికింది.

అక్షరం అక్షరం పోల్చే కచ్చితమైన పద్ధతులు 1970లో ఒకటి, 1981లో ఒకటి వచ్చాయి. కచ్చితం సరే, బాగా నెమ్మది. 1990లో ఆల్ట్‌షుల్, గిష్, మిల్లర్, మయర్స్, లిప్‌మన్ అనే ఐదుగురు బ్లాస్ట్ అనే వేగమైన వెతుకులాట ప్రోగ్రామ్‌ను ప్రకటించారు. ప్రొటీన్‌ను మూడేసి అక్షరాల ముక్కలుగా తీసుకుని, అలాంటి ముక్క డేటాబేసులో ఎక్కడ తగిలితే అక్కడి నుంచి రెండు వైపులా పోలికను పొడిగించుకుంటూ పోతుంది. స్కోరు బాగా పడిపోతే అక్కడితో ఆపేస్తుంది. అంతే. బ్లాస్ట్ గురించి రాసేవాళ్లంతా ఈ వేగాన్ని పొగిడి ఊరుకుంటారు. అసలు గొప్పతనం ఆ తర్వాతి మెట్టులో ఉంది.

పోలికకు స్కోరు ఎలా వేస్తారు? బ్లోసమ్62 అనే పట్టిక ఉంది. ట్రిప్టోఫాన్ ఎదురుగా ట్రిప్టోఫాన్ వస్తే 11 మార్కులు, ఎందుకంటే అది అరుదైనది, పరిణామంలో తేలిగ్గా మారదు. ల్యూసిన్ ఎదురుగా ల్యూసిన్‌కు 4 మాత్రమే, అది ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గుణాలు దగ్గరగా ఉండే ఐసోల్యూసిన్, వాలిన్ ఎదురుపడితే 3. పొంతన లేని జంటలకు మైనస్ మార్కులు. ఈ పట్టికను 1992లో స్టీవెన్, జోర్జా హెనికాఫ్ దంపతులు తయారుచేశారు. వాళ్ల ప్రోగ్రామ్‌లో లెక్క తప్పు దొర్లింది! ప్రపంచమంతా పదహారేళ్లు ఆ పట్టికనే వాడింది. 2008లో కొందరు ఆ తప్పును పట్టుకుని దిద్ది చూశారు. సరిదిద్దిన పట్టిక కంటే తప్పుల పట్టికే చుట్టాలను కాస్త మెరుగ్గా వెతికిపెట్టింది. నేటికీ బ్లాస్ట్ ప్రొటీన్ల వెతుకులాటలో మామూలుగా వాడేది ఆ పాత పట్టికనే.

సరే, స్కోరు వచ్చింది. అది పెద్దదా, చిన్నదా? చాలామంది బోల్తా పడింది ఇక్కడే. మీ వీధిలో ఎదురైన మనిషి అచ్చం మీ అన్నయ్యలా ఉంటే ఆశ్చర్యపోవాలి. లక్షమంది కూడిన తిరునాళ్లలో అలాంటివాళ్లు ముగ్గురు కనిపించినా వింతేమీ లేదు. పోలిక ఎంత ఉందన్నది ఒక్కటే సరిపోదు, ఎంతమందిలో వెతికాక దొరికిందో కూడా చెప్పాలి.

పాతరోజుల్లో ఈ లెక్కకు గంట ఆకారపు మామూలు వక్రరేఖను వాడేవారు. అది పొరపాటు. డేటాబేసు అంతా వెతికి మనం తీసుకుంటున్నది సగటు స్కోరును కాదు, అన్నిటికంటే పెద్ద స్కోరును. పెద్దవాటిలోకెల్లా పెద్దవి వేరే సూత్రాన్ని పాటిస్తాయి. నదులకు రాగల అతిపెద్ద వరదను అంచనా కట్టే ఇంజనీర్లకు గంబెల్ పేరుతో తెలిసిన సూత్రం అది. స్టాన్‌ఫర్డ్ గణితవేత్త శామ్యూల్ కార్లిన్, ఆల్ట్‌షుల్ కలిసి 1990లోనే అక్షరాల వరసలకు దాన్ని నిరూపించారు. వాళ్ల సమీకరణం ఇచ్చేదే ఈ-వేల్యూ. ఇంత స్కోరు లేదా అంతకంటే ఎక్కువ వచ్చే పోలికలు, ఏ చుట్టరికమూ లేకుండా, ఇంత పెద్ద డేటాబేసులో వట్టి యాదృచ్ఛికంగా ఎన్ని దొరుకుతాయని ఆశించవచ్చో చెప్పే సంఖ్య అది.

లెక్క వేసి చూద్దాం. మీ ప్రొటీన్‌లో 300 అక్షరాలు, డేటాబేసులో 3,000 కోట్ల అక్షరాలు అనుకోండి. బిట్లలో (పట్టిక మార్కులను ఒకే కొలతలోకి మార్చిన రూపం అది) స్కోరు 43 వస్తే ఈ-వేల్యూ దాదాపు 1. అంటే అలాంటి పోలిక ఒకటి ఊరికే దొరుకుతుంది, నమ్మడానికి వీల్లేదు. స్కోరు ఒక్క బిట్ పెరిగితే ఈ-వేల్యూ సగమవుతుంది. 53 బిట్లకు సుమారు వెయ్యోవంతు, 63 బిట్లకు పది లక్షలోవంతు. ఇరవై బిట్ల తేడాలో అనుమానం పోయి నమ్మకం వచ్చేసింది! తక్కువుంటే మంచిదని మీ సార్ అన్నది ఇందుకే.

ఈ లెక్కను పక్కనపెడితే ఏమవుతుందో 2020 జనవరి చివర్లో చూశాం. దిల్లీ పరిశోధకులు కొందరు కరోనా వైరస్ స్పైక్ ప్రొటీన్‌లో హెచ్ఐవీని పోలిన నాలుగు ముక్కలున్నాయని, ఇది కాకతాళీయం కాకపోవచ్చని సమీక్ష జరగని పత్రం పెట్టారు. లోకమంతా గగ్గోలు. ఒక ముక్క ఇదీ: థ్రియోనైన్, ఆస్పరాజిన్, గ్లైసిన్, థ్రియోనైన్, లైసిన్, ఆర్జినైన్. ఆరంటే ఆరే అక్షరాలు. 20 అక్షరాలతో ఆరక్షరాల వరసలు 6.4 కోట్లు కట్టవచ్చు. మన 3,000 కోట్ల అక్షరాల డేటాబేసులో ఏ ఆరక్షరాల ముక్కయినా సగటున 470 చోట్ల వట్టి యాదృచ్ఛికంగానే తగులుతుంది. అన్ని అక్షరాలూ సమానంగా ఉండవు కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా విషయం అర్థం కావడానికి చాలు. అలాంటిదొకటి హెచ్ఐవీలోనూ తగలడంలో వింతేమీ లేదు. శాస్త్రవేత్తలు ఇదే ఎత్తిచూపడంతో రెండు మూడు రోజుల్లోనే పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. పుకారు మాత్రం వెనక్కి రాలేదు.

మహామహులూ తప్పు చేశారు. 2001లో మానవ జన్యుపటం ముసాయిదా ప్రకటించినప్పుడు, రెండు వందలకు పైగా మానవ జన్యువులు బాక్టీరియా నుంచి నేరుగా వచ్చి ఉండవచ్చన్నారు. బాక్టీరియాలో పోలికలు కనిపించాయి, ఈగలో, పురుగులో, ఈస్టులో కనిపించలేదు, అదీ వాళ్ల వాదన. అదే ఏడాది స్టీవెన్ సాల్జ్‌బర్గ్ బృందం మరిన్ని జీవుల జన్యువులతో పోల్చేసరికి ఆ సంఖ్య సుమారు 40కి పడిపోయింది. డేటాబేసులో లేనంత మాత్రాన ప్రకృతిలో లేనట్టు కాదు.

ఇక ఆ పాఠకురాలి ప్రాజెక్టుకు పనికొచ్చే మాట. చుట్టరికం ఉందా లేదా అన్నదానికే ఈ-వేల్యూ జవాబు చెబుతుంది. ఏ జాతి అన్నది దాని పని కాదు. 2005లో హైదరాబాదు నుంచి ఎగరేసిన ఇస్రో బెలూన్ 20 కిలోమీటర్లకు పైఎత్తున సేకరించిన గాలిలో 12 బాక్టీరియా సమూహాలు దొరికాయి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ, పుణేలోనూ వాటిని పరీక్షించారు. బాక్టీరియా జాతిని గుర్తించడానికి చూసేది 16ఎస్ ఆర్ఎన్ఏ జన్యువును. తొమ్మిదింటిలో ఆ జన్యువు భూమ్మీద తెలిసిన జాతులతో 98 శాతానికి పైగా సరిపోయింది. మూడు కొత్తవి. వాటిలో ఒకదానికి బాసిల్లస్ ఆర్యభట్టై అని పేరు పెట్టారు. ఇలాంటి జన్యువుకు బ్లాస్ట్ ఇచ్చే పట్టికలో పైనున్న ఫలితాలన్నిటి ఈ-వేల్యూ 0.0గానే కనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది శాతం, పోలిక జన్యువు మొత్తం మీద ఉందా, ముక్కలోనే ఉందా అన్నది. ఆపైన వంశవృక్షం గీసి చూడాలి. పట్టికలో మొదటి పేరును ఎత్తి థీసిస్‌లో రాసేయడం మన కాలేజీల్లో అలవాటైపోయింది. అది నన్ను బాధపెడుతుంది.

డేటాబేసు రోజూ పెరుగుతుంది, దాంతోపాటు అదే పోలికకు ఈ-వేల్యూ కూడా పెరుగుతుంది. కాబట్టి అమ్మాయీ, ప్రాజెక్టు రిపోర్టులో ఈ-వేల్యూ పక్కన ఏ డేటాబేసులో వెతికారో, ఏ తేదీన వెతికారో తప్పకుండా రాయండి.