ఓడినవారి అభిమానులు

ఏటా జూన్ మాసాంతాన గాని జూలై ఆరంభంలో గాని లండన్ నగరపు నైరుతి భాగాన ఉన్న వింబుల్డన్‌లో టెన్నిసు పోటీలు ఆరంభమవుతాయి. ఆట మొదలు కావడానికి ఎంతో ముందే ప్రేక్షకులు సమీపంలోని ఉద్యానవనంలో గుడారాలు వేసుకొని రాత్రి గడుపుతారు. వచ్చిన వరుసను బట్టి ఒక్కొక్కరికి అంకె వేసిన చీటీ ఇస్తారు. మరునాడు ఆ వరుసలోనే టిక్కెట్లు అమ్ముతారు. ఒక్క టిక్కెట్టు కోసం రాత్రంతా చలిలో గడిపిన ఆ మనిషికి పతకం రాదు, బహుమానం రాదు. తాను కోరుకొన్నవాడే గెలుస్తాడన్న హామీ కూడా లేదు. అయినా మరుసటి సంవత్సరం ఆతడు మళ్లీ వచ్చి అదే వరుసలో నిలబడతాడు. ఎందుకు వస్తున్నాడో విజేతల పట్టిక చెప్పలేదు. ఓడినవారి కథలు కొంతవరకు చెప్పగలవు.

1877లో ఈ పోటీలు మొదటిసారి జరిగినప్పుడు పాల్గొన్నవారు 22 మంది. తలకొక షిల్లింగు చెల్లించి ఫైనల్ చూచినవారు సుమారు 200 మంది. నేడు సెంటర్ కోర్టులోనే దాదాపు 15,000 మంది కూర్చుంటారు. ఇంత మార్పులోనూ మారనిది పచ్చిక. దానిని 8 మిల్లీమీటర్ల ఎత్తున సమంగా కత్తిరిస్తారు. మట్టినేలపై లేచినంతగా బంతి పచ్చికపై పైకి లేవదు. తక్కువ ఎత్తున జారి ముందుకు దూసుకొనిపోతుంది. ఆటగానికి ఆలోచించుకొనే వ్యవధి ఉండదు. బలంగా సర్వు చేసేవాని గేమును గెలుచుకోవడం కష్టం కనుక ఒకటి రెండు పొరపాట్లతోనే సెట్టు చేజారిపోవచ్చు. అందువల్లనే ఇక్కడి ప్రేక్షకుడు చివరి పాయింటు దాకా నిశ్చింతగా ఉండలేడు.

1993 మహిళల ఫైనల్ ఇందుకు నిదర్శనం. చెక్ దేశపు క్రీడాకారిణి యానా నొవోత్నా ఆనాడు స్టెఫీ గ్రాఫ్‌పై మూడవ సెట్టులో 4–1 ఆధిక్యంలో ఉన్నది. ఇంకొక్క పాయింటు గెలిస్తే 5–1 అయ్యేది. సరిగ్గా అప్పుడే ఆమె డబుల్ ఫాల్టు చేసినది. అక్కడినుంచి ఆట తలక్రిందులైనది. గ్రాఫ్ వరుసగా అయిదు గేములు గెలిచి విజేత అయినది. బహుమతి ప్రదాన సమయంలో నొవోత్నా దుఃఖం ఆపుకోలేక, బహుమతి అందిస్తున్న కెంట్ డచెస్ భుజంపై తల వాల్చి ఏడ్చినది. ఆ యేడు కప్పు ఎత్తినది గ్రాఫే అయినా, చూచినవారి మనస్సులో నిలిచినది ఆ కన్నీటి దృశ్యం. 1997లో నొవోత్నా మళ్లీ ఫైనల్ చేరి మార్టినా హింగిస్ చేతిలో ఓడిపోయినది. 1998లో మూడవసారి వచ్చి, నథాలీ టోజియాను ఓడించి గెలిచినది. అయిదేళ్ల క్రితం తమ కళ్లెదుట కన్నీరు పెట్టిన మనిషి నవ్వుతూ కప్పు పట్టుకొని నిలిచినప్పుడు, ఆ విజయంలో ప్రేక్షకులకు కూడా వాటా ఉన్నట్లనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అందరి నిరీక్షణ ఇలా ఫలించదు. 1954 పురుషుల ఫైనల్‌లో యరొస్లావ్ ద్రోబ్నీ, కెన్ రోజ్‌వాల్ తలపడినారు. ద్రోబ్నీ 1949లో స్వదేశమైన చెకొస్లొవేకియాను విడిచిపెట్టి, ఈజిప్టు పౌరసత్వం పొంది ఆడుతున్నవాడు. అప్పటికే రెండు ఫైనళ్లలో ఓడినాడు, వయస్సు 32. ఆస్ట్రేలియా యువకుడు రోజ్‌వాల్‌కు 19 ఏళ్లు. సభ మొగ్గు పెద్దవానివైపే. ఆతడే గెలిచినాడు. కుర్రవానికి ఇంకెంతో కాలమున్నదని ఎవరైనా అనుకోవలసినదే.

ఆ కాలం రానే లేదు. రోజ్‌వాల్ 1956లో మళ్లీ ఫైనల్ చేరి లూ హోడ్‌కు ఓడి, తరువాత వృత్తి క్రీడాకారుడైనాడు. వృత్తి క్రీడాకారులకు అప్పట్లో ఈ పోటీలలో ప్రవేశం లేదు. 1968లో ఆ నిషేధం తొలగిన తరువాత తిరిగివచ్చి 1970లో జాన్ న్యూకంబ్‌కు, 1974లో జిమ్మీ కానర్స్‌కు ఫైనళ్లలో తలవంచినాడు. చివరి ఫైనల్ నాటికి ఆతని వయస్సు 39. మొదటి ఫైనల్‌కూ దానికీ మధ్య ఇరవై ఏళ్లు గడిచినవి. ఒకనాడు ద్రోబ్నీపై ప్రసరించిన అభిమానమే ఇప్పుడు రోజ్‌వాల్‌ను వరించినది. విజయం మాత్రం వరించలేదు. వింబుల్డన్ సింగిల్స్ విజేతల పట్టికలో ఆతని పేరు లేదు. అయినా టెన్నిసు తెలిసినవారిలో ఆ పేరు తెలియనివారు అరుదు.

2001లో క్రొయేషియా దేశస్థుడు గోరాన్ ఇవానిసెవిచ్ నిర్వాహకుల ప్రత్యేకానుమతితో పోటీలోకి వచ్చినాడు. అప్పటి స్థానాల పట్టికలో ఆతడు 125వ వాడు. అంతకుముందు మూడు ఫైనళ్లలో ఓడినవాడు. వర్షాల వలన ఫైనల్ సోమవారానికి వాయిదా పడినది. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిని టిక్కెట్లు అమ్మినారు. సామాన్య జనం జెండాలతో, పాటలతో సెంటర్ కోర్టును నింపివేసినారు. ప్రత్యర్థి పాట్రిక్ రాఫ్టర్ కూడా క్రితం సంవత్సరం ఫైనల్‌లో ఓడినవాడే. ఎవరు గెలిచినా ఒక పక్షం వారి నిరీక్షణ ఫలిస్తుంది, రెండవ పక్షం వారిది భగ్నమవుతుంది. అయిదవ సెట్టు 9–7తో ఇవానిసెవిచ్ గెలిచినాడు. రాఫ్టర్‌కు ఆ కప్పు ఎన్నడూ దక్కలేదు.

ఈ నిరీక్షణ భారతీయులకు కొత్త కాదు. ద్రోబ్నీ గెలిచిన 1954లోనే మద్రాసుకు చెందిన రామనాథన్ కృష్ణన్ అక్కడ బాలుర విజేత అయినాడు. 1960, 1961 సంవత్సరాలలో పురుషుల సెమీఫైనల్ చేరి, మొదటిసారి నీల్ ఫ్రేజర్‌కు, రెండవసారి రాడ్ లేవర్‌కు ఓడినాడు. ఆ రెండేళ్లూ కృష్ణన్‌ను ఓడించినవారే విజేతలైనారు. 2015లో హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా, ఒకనాడు నొవోత్నాను ఓడించిన హింగిస్‌తోనే జతకట్టి మహిళల డబుల్స్ గెలిచినది. ఆ ఫైనల్ చివరి సెట్టులో 2–5తో వెనుకబడి కూడా వారు 7–5తో గట్టెక్కినారు. 2–5 వద్ద ఆశ వదలుకొన్న అభిమాని ఆ ఆటలో శ్రేష్ఠమైన భాగాన్ని పోగొట్టుకొన్నట్లే.

పాఠశాల పరుగు పందెంలో మొదట వచ్చినవానికి చప్పట్లు కొట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. క్రిందపడి లేచి, చివరివాడుగా గీత దాటినవానికోసం మైదానంలో నిలిచి ఉండడం మాత్రం నేర్చుకోవలసినదే. వింబుల్డన్ వరుసలో రాత్రి గడిపే మనిషికి ఆ విద్య పట్టుబడినది. రెండవ వారం ముగిసేసరికి కోర్టు వెనుక గీత వద్ద పచ్చిక అరిగి మట్టి బయటపడుతుంది. గెలిచినవాని అడుగు ఏదో, ఓడినవాని అడుగు ఏదో అక్కడ ఎవరూ గుర్తుపట్టలేరు. పోటీలు ముగిసిన తరువాత ఆ నేలపై మళ్లీ విత్తనాలు చల్లుతారు.