నౌకాయాత్రకు మూట కట్టుకొనునప్పుడు

కొల్లేటి సీమలో పుట్టినవారికి పడవ కొత్త కాదు. తాటిబోదెను తొలిచి చేసిన దోనెలో ఎవరెక్కడ కూర్చుండవలెనో, మూట ఎక్కడ పెట్టవలెనో సరస్సు అంచు గ్రామాలలో పిల్లలకు సైతము తెలియును. బరువు ఒక ప్రక్కకు ఒరిగినచో దోనె బోల్తాపడును. ఆ ఒక్క సూత్రము తెలిసియున్నచో కొల్లేటిపై ప్రయాణము సాగిపోవును. సముద్రముపై పోవు విహారనౌక విషయము అట్లు కాదు. అచ్చట మూట బరువు కంటె మూటలోని వస్తువు స్వభావము ముఖ్యము.

2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ నౌక విశాఖపట్నము నుండి పుదుచ్చేరి, చెన్నై నగరముల వైపు విహారయాత్రికులను కొనిపోయినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకల కొరకు ప్రత్యేకముగా ప్రయాణికుల ప్రాంగణము ప్రారంభమైనది. భీమడోలు నుండి రైలులో పోయి విశాఖలో ఓడ నెక్కుట మన కుటుంబములకు ఇక కలలోని మాట కాదు.

మా ఇంట అట్టి ప్రయాణమునకు సంచులు సర్దునప్పుడు చిన్న తగవు వచ్చినది. మా అమ్మమ్మగారు ప్రమిద, కర్పూరము, అగరువత్తులు, అగ్గిపెట్టె ఒక గుడ్డలో కట్టి పెట్టెలో ఉంచిరి. నౌకవారు పంపిన నిషేధపు పట్టికలో ఆ నాలుగును ఉన్నవి. “దేవుడి దీపంలో కూడా తప్పుందా?” అని ఆమె అడిగిరి. నియమమని చెప్పి ఊరకుండుట సులభమే. కాని కారణము చెప్పవలసిన బాధ్యత మాపై పడినది.

ఇంటిలో నిప్పంటుకొనినచో వీధిలోనికి పరుగెత్తుదుము. 2018 మే నెలలో దేవీపట్నము దగ్గర గోదావరిపై పోవుచున్న పర్యాటకుల పడవ యొకటి మంటలలో చిక్కుకొన్నది. ఒడ్డు చేరువలో నుండుటచే లోనివారు ప్రాణములతో బయటపడిరి. నడిసముద్రములో అట్టి ఒడ్డు లేదు. అగ్నిమాపక దళము వచ్చుటకు దారియు లేదు. ఓడలోని సిబ్బందియే ఆ దళము.

చుట్టును నీరే కదా, తోడి పోయరాదా అని తోచవచ్చును. 1942లో న్యూయార్కు రేవున ‘నార్మండీ’ అను మహానౌక అంటుకొన్నప్పుడు అట్లే చేసిరి. మంటపై పోసిన నీరు పై అంతస్తులలో నిలిచి, బరువు ఒక ప్రక్కకు చేరి, ఓడ రేవులోనే ఒరిగి పడిపోయినది. మన తాటిదోనె సూత్రమే అచ్చటను వర్తించినది. పైగా ఓడగోడలు ఉక్కువి. ఒక గదిలోని వేడి గోడగుండా ప్రక్కగదికి ప్రాకును. ఇరుకైన నడవలలో పొగ నిండును. 2006లో ‘స్టార్ ప్రిన్సెస్’ అను విహారనౌకలో ఆర్పకుండ పారవేసిన సిగరెట్టు ముక్క వలననే నిప్పు పుట్టి యుండునని విచారణాధికారులు తేల్చిరి. అనేక గదులు దగ్ధమైనవి. ఒక ప్రయాణికుడు మరణించెను. అగరువత్తి కొనయందలి నిప్పురవ్వ సిగరెట్టు నిప్పుకంటె వేరైనది కాదు.

ఈ దృష్టితో చూచినచో పట్టికలోని తక్కిన వస్తువులును సులభముగా బోధపడును. ఇస్త్రీపెట్టె, విద్యుత్ కెటిల్, నీళ్లు కాచుకొను హీటరు కడ్డీ, బియ్యము వండుకొను కుక్కరు, ఇవియన్నియు వేడి పుట్టించునవి. మరచి మీట కట్టకుండ పోయినచో ముప్పు మన గదితో ఆగదు. అనేక ప్లగ్గులు గల ఎక్స్‌టెన్షన్ బాక్సును ఏల వద్దందురని పలువురు ఆశ్చర్యపడుదురు. ఇంటి విద్యుత్తులో రెండు తీగలలో ఒకటి భూమితో కలిపియుండును. పెక్కు ఓడలలో రెండు తీగలును ఓడ దేహమునుండి వేరుగా నుండును. ఇంటి కొరకు చేసిన, వోల్టేజి హెచ్చుల నుండి కాపాడు బాక్సులు అచ్చట వేడెక్కి తామే అంటుకొనవచ్చును. అమెరికా తీరరక్షక దళము 2013లో ఈ విషయమై హెచ్చరిక చేసినది.

కత్తిపీట, పెద్ద కత్తులు, మద్యము పెట్టెలో పెట్టుకొనరాదు. ఇంట వండిన పులిహోర, గారెల సంగతియు అంతే. వేలమంది ఒక్కచోట తిని, ఒకే మెట్లకమ్మి పట్టుకొని తిరుగు చోట నోరోవైరస్ వంటి వాంతి విరేచనముల వ్యాధి త్వరగా వ్యాపించును. ఎచ్చట వండినదో తెలియని ఆహారమునకు ఓడవారు పూచీపడలేరు. సీలు విప్పని పొట్లములను కొన్ని సంస్థలు అనుమతించును. ఆవకాయ సీసా విషయము ముందే వ్రాసి కనుగొనుట మేలు.

ఇక తప్పక తీసుకొనిపోవలసినవి. పెద్దపెట్టెలను రేవున అప్పగించినచో తనిఖీయై గదికి చేరుటకు కొన్ని గంటలు పట్టవచ్చును. కావున రోజూ వేసుకొను మందులు, వైద్యుని చీటీ, కళ్లజోడు, గుర్తింపుపత్రము, ఫోను, దాని పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండవలెను. పరదేశపు రేవు తగులు యాత్రకు పాస్‌పోర్టు వలయును. మందులను డబ్బీలలో పోయక, అంగడి నుండి వచ్చిన అట్టలతోనే ఉంచవలెను. కడుపులో త్రిప్పకుండుటకు మాత్రను వైద్యుని అడిగి ముందే తెచ్చుకొనవలెను. జారని చెప్పులు, రాత్రిగాలికి ఒక శాలువ మరువరాదు.

1912లో ‘టైటానిక్’ మునిగిన పిదప, 1914లో పలు దేశములు కూడి సముద్రముపై ప్రాణరక్షణకు తొలి ఒడంబడిక చేసికొన్నవి. పెట్టెలోని అగ్గిపెట్టెను తీసివేయుమను చిన్న మాటకు వెనుక అంతటి అనుభవమున్నది.

మేము ఇదంతయు చెప్పగా అమ్మమ్మగారు కొంతసేపు పలుకలేదు. తరువాత గుడ్డమూట విప్పి, ప్రమిదను ప్రక్కింటివారికి ఇచ్చి, “మేము వచ్చేదాకా సందెవేళ మా ఇంట్లో వెలిగించండమ్మా” అనిరి. పెట్టెలో దేవుని పటము, జపమాల మాత్రము ఉంచిరి. తనిఖీ బల్లవద్ద మా పెట్టెను విప్పవలసిన అవసరము రాలేదు.